చెరువు కడుపుకు ఇంగ్లీషు పేరు

ముప్పై ఏళ్లుగా మేడ్చల్‌లో దస్తావేజులు రాస్తున్నాను. హద్దుల్లో ఒక్క మాట తప్పు పడితే రెండు తరాలు కోర్టు చుట్టూ తిరుగుతాయి. అందుకే ‘ట్యాంక్’ అనే మాట మీద నాకింత పట్టింపు.

బండిలో ఫుల్ ట్యాంక్ కొట్టిస్తాం. మేడ మీద ట్యాంకు నిండిందో లేదో చూస్తాం. సైన్యం నడిపే ట్యాంకుకూ ఆ పేరు నీళ్ల వల్లే వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గుట్టు బయటపడకుండా, తాము చేస్తున్నవి నీళ్ల ట్యాంకులని బ్రిటన్ వాళ్లు చెప్పుకున్నారు. 1916లో అవి యుద్ధంలోకి దిగేసరికి ఆ పేరే ఖాయమైంది. మన దగ్గర ఆ దొరలే చెరువును కూడా ట్యాంక్ అన్నారు. హుస్సేన్‌సాగర్ కట్ట ట్యాంక్‌బండ్ అయింది. అంతవరకు నాకు పేచీ లేదు.

పేచీ ఎఫ్‌టీఎల్‌తోనే. ఫుల్ ట్యాంక్ లెవెల్. ఆ మధ్య ఒక కొత్త జంట శామీర్‌పేట వైపు 150 గజాల ప్లాటుకు బయానా ఇచ్చి నా దగ్గరికొచ్చారు. కాగితాల్లో ఆ మూడక్షరాలు చూసి, విప్పి చెప్పాను. “ట్యాంకు కూడా వాళ్లే కట్టిస్తారా అంకుల్?” అని ఆ అమ్మాయి సంబరంగా అడిగింది. “కాదమ్మా, అది చెరువు శిఖం” అన్నాను. అబ్బాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. వాళ్ల నాయన రైతు. శిఖమంటే ఏమిటో చిన్నప్పటినుంచీ విన్నవాడే.

శిఖం అంటే ఫారసీలో కడుపు. చెరువు కడుపు! నిజాం కాలం నుంచీ మన రెవెన్యూ రికార్డుల్లో ఉన్న మాట. శిఖం పట్టా ఉంటే నీళ్లు తీసినప్పుడు పంట వేసుకోవచ్చు, ఇల్లు కట్టరాదు. 2012 నాటి 168వ జీవో ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుల అంచు నుంచి 30 మీటర్ల దాకా కట్టడాలు కూడదు. ‘శిఖం’ అన్నా, నిండిన చెరువు పొర్లే ‘మత్తడి’ అన్నా ఊళ్లో ఎవరికైనా తెలుస్తుంది. ఎఫ్‌టీఎల్ అంటే బ్రోకర్లకూ ఇంజనీర్లకూ తెలుస్తుంది. కొనేవాడికి తెలియదు. అమ్మకం దస్తావేజులోనూ హద్దురాయి మీదా ‘చెరువు నిండితే నీళ్లు ఇక్కడిదాకా’ అని తెలుగులో రాయాలని ప్రభుత్వం నిబంధన పెట్టాలి. ఒక్క వాక్యమే కదా!

ఆ ఆదివారం జంటను వెంటబెట్టుకుని ప్లాటు దగ్గరికి వెళ్లాను. ఒకప్పుడు ఆ చెరువుకు నీరటిగా తూము తీసిన పెద్దాయనను కూడా పిలిచాను. ఆయన చేతికర్రతో ఒక బండరాయిని చూపించాడు. “మత్తడి దుంకిన యేడు నీళ్లు గా రాయి దాకా వచ్చినయి బిడ్డా.”

మేము నిలబడ్డ చోటికి ఆ రాయి ఇంకా యాభై అడుగుల పైన, గట్టువైపు ఉంది.