రొయ్య జాతకం

రొయ్యకి కూడా జబ్బులూ పరీక్షలూ ఏమిటని చదువరులలో కొందరికి నవ్వు రావచ్చును. కాని కోస్తా జిల్లాలలో ఎన్నో ఇళ్ళ పెళ్ళిళ్ళు, పిల్లల ఫీజులు, అప్పుల వాయిదాలు రొయ్య ఆరోగ్యం మీదే ఆధారపడి ఉన్నాయి. నేను చెప్పేది తెలుగు పాఠమే అయినా, నా క్లాసులో చెరువుగట్టు మీదనుంచి వచ్చే కుర్రవాళ్ళు తక్కువేం కాదు. పట్టుబడి ఎలా ఉందో వాళ్ళ ముఖాలు చూస్తేనే తెలిసిపోతుంది.

రొయ్యల జబ్బులలోకెల్లా పేరుమోసినది తెల్లమచ్చ. 1992-93 ప్రాంతాల తైవాన్, చైనా, జపాను చెరువులలో బయటపడి, 1994లో మన తూర్పు తీరాన్ని పట్టుకుంది. అప్పటికి నెల్లూరు వైపు టైగర్ రొయ్య అంటే బంగారు పంట. ఆ పంట కళ్ళముందే చచ్చి గట్టువార చేరింది. ఈ జబ్బు చెరువులో పడిందంటే మూడు రోజుల నుంచి పది రోజుల లోపల మొత్తం ఊడ్చుకుపోగలదు. తినే మనుషులకి దీనివల్ల హాని లేదు. ఉన్న హానంతా పెంచేవాడికే.

మందు వేయరాదా అంటారేమో! ఈ వైరస్‌ను చంపే మందు లేదు. పోనీ టీకా అందామంటే, ఒకసారి వచ్చిన జబ్బును గుర్తుపెట్టుకుని మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల వంటివి రొయ్యకి లేవు. కనుక మన పిల్లలకి వేయించే తరహా టీకా దానికి పనికిరాదు. ఇక మిగిలిన దారి ఒక్కటే: జబ్బుపిల్లను చెరువులోకి రానివ్వకపోవడం. అయితే హేచరీనుంచి వచ్చే సీడు వెంట్రుకంత ఉంటుంది. జబ్బుదీ, మంచిదీ ఒక్కలాగే గిలగిల ఈదుతుంటాయి. మచ్చలు కనిపించేనాటికి వ్యవహారం చెయ్యిదాటిపోతుంది.

ఇక్కడ ఆదుకున్నదే పి.సి.ఆర్. పరీక్ష. ప్రతి జీవికీ తన లోపల ఒక గ్రంథం ఉంటుంది. మన తెలుగుకి యాభైకి పైగా అక్షరాలుంటే, ఆ గ్రంథాల భాషకి నాలుగే. తెల్లమచ్చ వైరస్ గ్రంథం సుమారు 3 లక్షల అక్షరాలు. 2001 నాటికే శాస్త్రజ్ఞులు దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివేశారు. ఇప్పుడు రొయ్య పిల్లను నలగగొట్టి తీసిన సారంలో ఆ గ్రంథం తాలూకు ముక్క ఉందో లేదో చూడాలి. తాళపత్రాల గుట్టలో ఒక పద్యాన్ని వెతికేవాడు మొదటి మాటా చివరి మాటా పట్టుకుని వెతుకుతాడు గదా! ఇదీ అంతే. ఆ వైరస్‌కే చెందిన రెండు చిన్న ముక్కలను ఎర వేస్తారు. సారాన్ని 95 డిగ్రీల దాకా వేడిచేస్తే జంట పోగులు విడిపోతాయి. చల్లార్చితే ఎరలు తమ చోటు వెతుక్కుని అతుక్కుంటాయి. అప్పుడు ఒక ఎంజైము ఆ రెంటి నడుమ భాగానికి నకలు రాస్తుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ముప్ఫై సార్లు ఇలా జరిగితే ఒక్క ముక్క 107 కోట్లకు పైగా నకళ్ళవుతుంది! వైరస్ లేకపోతే ఎర అతుక్కోదు, నకలూ పుట్టదు. ఈ కిటుకు 1983లో అమెరికాలో కారీ మల్లిస్‌కు తట్టింది. 1993లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ మరుసటి యేడే మన చెరువులకి దాని అవసరం పడింది.

2009లో మన దేశానికి వనామి రొయ్యను రానిచ్చినప్పుడు, ఫలానా జబ్బులు లేవని తేలిన తల్లి రొయ్యలనే తేవాలనీ, వాటినైనా చెన్నైలో విడిగా ఉంచి పరీక్షించాకే వదలాలనీ కట్టడి చేశారు. పెళ్ళికి ముందు జాతకం చూసినట్టన్నమాట. కాకపోతే ఈ జాతకం రాబోయేది చెప్పదు, ఉన్నది చెబుతుంది.

అదైనా ఎంతవరకు? లక్షల పిల్లలలో 150 ఏరి పరీక్షించారనుకోండి. నూటికి రెంటికి జబ్బుంటే, అది దొరికే అవకాశం 95 పాళ్ళు. నూటికి ఒకదానికే ఉంటే 78 పాళ్ళు. "లేదు" అన్న కాగితానికి అర్థం "మేం చూసినవాటిలో లేదు" అనే. పైగా మంచి సీడు వేసినా, ఒంట్లో వైరస్ పెట్టుకుని హాయిగా తిరిగే పీత ఒకటి గట్టు దాటి వస్తే చాలు.

జబ్బులన్నీ తెల్లమచ్చలాగా దండోరా వేసుకుని రావు కూడా. 2009లో థాయిలాండులో గుర్తించి పేరుపెట్టిన ఈ.హెచ్.పి. అనే సూక్ష్మజీవి రొయ్య జీర్ణగ్రంథిలో కాపురం పెడుతుంది. రొయ్య చావదు. మేత తింటుంది, తిన్నది ఒంటపట్టదు. మేత ఖర్చు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఇలాంటి గుట్టుజబ్బును పట్టడానికి పి.సి.ఆర్. మరీ అవసరం.

మా పాత శిష్యుడొకడికి నిరుడు చెరువులో తెల్లమచ్చ ఉన్నట్టు కాగితం వచ్చింది. "మాస్టారూ, రాత్రికి రాత్రి తూము ఎత్తి నీళ్ళు కాలవలోకి వదిలేసి, ఇంకో సీడు వేసుకోమంటున్నారండి. కాగితం ఎవరు చూడొచ్చారంటున్నారు" అన్నాడు. "ఆ కాలవ నీళ్ళు ఎవరు తోడుకుంటారోయ్?" అన్నాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తరవాత తూముకి అడ్డుకట్ట వేసి, నీళ్ళలో బ్లీచింగు కలిపించి, ఇరుగుపొరుగు రైతులకి తనే కబురుచేశాడు. తన పంట ఎలాగూ పోయింది. పక్క చెరువులు ఆ యేడు నిలిచాయి.

కంటికి కనబడని జబ్బును యంత్రం 107 కోట్ల నకళ్ళు రాసి మరీ చూపిస్తుంది. కాని ఆ సంగతి పక్క చెరువువాడికి చెప్పే పని మాత్రం దానిది కాదు, మనిషిది.