పాదం మొరపెట్టుకొన్నప్పుడు

అండమాను దీవులలో బాంబూఫ్లాట్ ఒక చిన్న పట్టణం. సముద్రపు పాయకు ఈ ఒడ్డున అది. ఆ ఒడ్డున చాతాం రేవు, దాని వెనుక 2024 వరకు పోర్ట్‌బ్లెయిర్ అని పిలువబడిన శ్రీవిజయపురం. పెద్ద ఆసుపత్రికి పోవలెనంటే పడవ దాటడమే దగ్గరి దారి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. తెలుగువారు ఎక్కడ స్థిరపడినా గజ్జెల సవ్వడి వారి వెంట నడచినది. అటువంటి ఊరిలో నాట్యం నేర్చుకొనే బాలిక ఒకనాడు కాలు నొప్పి అన్నదనుకొనండి. “కొత్తలో అంతేనమ్మా, అదే అలవాటవుతుంది” అంటారు పెద్దలు. చాలాసార్లు ఆ మాట నిజమే. నిజం కానినాడు మాత్రం దాని వెల చాలా హెచ్చు.

ఈ విషయమై ఎక్కువ పరిశోధన జరిగినది పాశ్చాత్యుల బాలే నృత్యంలో. బ్రిటన్‌లో ఒక వృత్తి నాట్యబృందానికి చెందిన 52 మందిని ఏడాది పొడుగునా గమనించి 2012లో ఫలితాలు ప్రకటించారు. ఆ ఒక్క ఏడాదిలో 355 గాయాలు! అనగా ప్రతి 1000 గంటల నాట్యానికి 4.4 గాయాలు. వీటిలో అధికభాగం జారిపడుట వలన కలిగినవి కావు. ఒకే పనిని మరలమరల చేయుట వలన కొద్దికొద్దిగా పేరుకొన్నవి.

ఎముక జీవమున్న పదార్థం. ప్రతి తాకిడికి దానిలో కంటికి కానరాని బీటలు పడతాయి. విశ్రాంతి వేళ శరీరం వాటిని పూడ్చుకొంటుంది. పూడిక కంటె బీటలు త్వరగా పెరిగినప్పుడు ఎముక చిట్లుతుంది. నర్తకులలో ఇది తరచుగా పాదపుటెముకలకు, మోకాలి క్రింది ఎముకకు సంభవిస్తుంది.

బాలేలో ఎగిరి దిగేటప్పుడు శరీరపు బరువుకు కొన్ని రెట్లు కాలిపై పడుతుంది. మన కూచిపూడిలో గంతులతో పాటు నేలను తాటించే అడుగులున్నాయి, అదీ వట్టి పాదాలతో. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచును పట్టి నడవవలె. ఒకనాటి వీధి భాగవతం మట్టినేలపై ఆడినది. 1963లో వెంపటి చినసత్యం మదరాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన తరువాత ఈ కళ నగరాలకు, దేశదేశాలకు విస్తరించినది. కళ మారలేదనుకొన్నా, కాలి క్రింది నేల మారినది. నేడు ఎందరో పిల్లలు సాధన చేసేది సిమెంటు గచ్చుపై, రాతి పలకలపై. ఆ నేల తాకిడిని తాను భరించదు. తిరిగి మడమకే అప్పగిస్తుంది.

రెండవ కారణం భంగిమ. అరమండిలోను, బాలే ప్లియేలోను మోకాళ్ళు వంగి, పాదాలు ఇరుప్రక్కలకు తిరుగుతాయి. ఈ తిరుగుడు తుంటి కీలు నుండి రావలె. తుంటి ఎంత తిరుగునో ఎముకల పొందికను బట్టి ఉంటుంది. అందరికీ ఒకే తీరుగా ఉండదు. తుంటి ఇవ్వని దానిని మోకాలి నుండి, చీలమండ నుండి బలవంతంగా రాబట్టిన నర్తకి వాటినే పాడుచేసుకొంటుంది. పరీక్ష సులభం: వంగినప్పుడు మోకాలు పాదపు వ్రేళ్ళ దిక్కునకే చూడవలె.

మూడవది ఆహారం. సన్నగా ఉండవలెనన్న తపనతో కడుపు మాడ్చుకొన్న బాలికకు ఋతుక్రమం తప్పుతుంది. దానితో ఎముక బలహీనపడుతుంది. 1986లో అమెరికాలో 75 మంది బాలే నర్తకీమణులను పరిశీలించగా 61 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఎముక విరిగినట్లు తేలినది. రజస్వల కావడం ఆలస్యమైనవారిలో ఈ బెడద ఎక్కువ. మూడు నెలలు ఋతుస్రావం కాకపోతే వైద్యుని చూడవలె. అది నాట్యశ్రమకు సహజ ఫలితమని సరిపెట్టుకొనరాదు.

నాల్గవది తొందర. ప్రదర్శన దగ్గర పడగానే సాధన గంటలు ఒక్కసారిగా రెట్టింపవుతాయి. పాత గాయం పూర్తిగా మానకముందే గజ్జె కట్టడం కూడ ఈ కోవలోనిదే.

మరి అలవాటయ్యే నొప్పిని, ప్రమాదపు నొప్పిని వేరుచేయుట ఎట్లు? కండరాల నొప్పి విస్తారంగా ఉండి, రెండు మూడు రోజులలో తగ్గుతుంది. ఎముక నొప్పిని ఒక్క వ్రేలితో చూపవచ్చును. నొక్కితే హెచ్చుతుంది, రోజులు గడచేకొలది పెరుగుతుంది, చివరకు రాత్రి నిద్రలోను విడువదు. తొలి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో బీట కనిపించకపోవచ్చును. కనుక చిత్రం బాగున్నదని నాట్యం మొదలుపెట్టరాదు.

నివారణకు ధనం అంతగా అక్కరలేదు. ముందు ఒంటిని వేడెక్కించుట, సాధనను వారం వారం కొద్దిగా పెంచుట, వీలైనచోట గచ్చుపై, క్రింద కొంత ఖాళీ ఉంచి, చెక్కలు పరచుట, కడుపునిండ భోజనం, వారానికొక విశ్రాంతి దినం. అన్నిటికంటె ముఖ్యం, నొప్పి అని చెప్పిన శిష్యురాలిని గురువు గద్దించకుండుట.

1981లో ప్రమాదంలో కాలు కోల్పోయిన సుధాచంద్రన్ జైపూర్ పాదంతో మరల వేదిక నెక్కారు. ఆ గాథ తెలుగులో ‘మయూరి’ చిత్రమై ఎందరి కన్నులనో చెమర్చినది. ఆమె ధైర్యం విధి తెచ్చిన ఆపదకు సమాధానం. మనం కొనితెచ్చుకొనే గాయానికి ధైర్యం మందు కాదు. బాంబూఫ్లాట్‌లోనైనా కూచిపూడిలోనైనా, నొప్పి అన్న బాలికను ఆ పూటకు కూర్చోబెట్టిన గురువు ఆమెకు ముందున్న ఏళ్ళ నాట్యాన్ని కాపాడినవారవుతారు.