డిగ్రీలో పనికీ చోటివ్వండి

సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,

2014 విభజన చట్టంలో మాటిచ్చిన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం దొరికింది. అంచనా వ్యయం రూ.889.07 కోట్లు. 2024లో జాకారంలోని తాత్కాలిక భవనంలో తరగతులు మొదలయ్యాయి. చదువు గడప దాకా వచ్చింది. అయినా ములుగు జిల్లాలో ఎన్నో ఇళ్లలో ఒక వాదన ఇంకా తెగలేదు: ఇంటర్ పాసైన బిడ్డను డిగ్రీకి పంపాలా, పనిలో పెట్టాలా?

పనిలో పెడదామనే తల్లిదండ్రులను తప్పుపట్టలేం. డిగ్రీ పట్టాతో హనుమకొండలో గది అద్దెకు తీసుకుని, నోటిఫికేషన్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే పిల్లలను వాళ్లు చూస్తూనే ఉన్నారు. కానీ పట్టా లేనివాళ్లకు గ్రూప్-1, గ్రూప్-2లకు దరఖాస్తు పెట్టే అర్హతే ఉండదు. తునికాకు కోతలో ఇరవై ఏళ్ల నేర్పున్న మనిషి కూడా కట్టల లెక్కన కూలి తీసుకోవలసిందే. ఆ నేర్పును గుర్తించే కాగితం ఎవరూ ఇవ్వరు.

చదువూ, బతుకు అనుభవమూ కలిస్తే ఏమవుతుందో మా ఎమ్మెల్యే, మంత్రి సీతక్క చూపించారు. అడవి జీవితం నుంచి చదువులోకి వచ్చి, 2022లో ఉస్మానియాలో గొత్తికోయ గిరిజనుల మీద పరిశోధనకు పీహెచ్‌డీ అందుకున్నారు. తాను చూసిన బతుకులే ఆమెకు పరిశోధనాంశమయ్యాయి. ఆ అవకాశం పట్టుదల గల ఏ ఒక్కరికో కాదు, మీ విద్యార్థులందరికీ దక్కాలి.

అందుకు మూడు పనులు కోరుతున్నాను.

మొదటిది, పనికి క్రెడిట్లు. 2023 జాతీయ క్రెడిట్ విధానం ప్రకారం ఏడాదికి 1,200 గంటల అభ్యాసానికి 40 క్రెడిట్లు. అనుభవాన్నీ లెక్కలోకి తీసుకునే వీలు అందులో ఉంది. రెండేళ్లకోసారి మేడారం జాతరకు కోటి మందికి పైగా జనం వస్తారు. అక్కడి వ్యాపారం, పారిశుధ్యం, రవాణా మీద అర్థశాస్త్ర విద్యార్థి చేసే సర్వే తరగతి పాఠానికి ఏమాత్రం తీసిపోదు. 1213 నాటి రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దాని చరిత్రను సందర్శకులకు వివరించడం భాషా విద్యార్థికి అసలైన పరీక్ష.

రెండవది, పని తెలిసినవాళ్లకు బోధనలో చోటు. 15 ఏళ్ల అనుభవమున్న నిపుణులను డిగ్రీలు అడగకుండా ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌’గా తీసుకోవచ్చని యూజీసీ 2022లోనే చెప్పింది. మంజూరైన పోస్టుల్లో 10 శాతం వరకు ఆ వెసులుబాటు ఉంది. మూలికలు తెలిసిన కోయ పెద్దలకు, తేనె, జిగురు సేకరణలో ఆరితేరినవాళ్లకు ఆ దారిలోనో, అతిథి అధ్యాపకులుగానో గౌరవ వేతనంతో తరగతిలో చోటివ్వండి. తమ పెద్దలు పాఠం చెప్పే చోట ఆ బిడ్డలకు చదువు పరాయిదనిపించదు.

మూడవది, క్యాలెండర్. ఇప్పపువ్వు రాలే మార్చి, ఏప్రిల్ నెలలు, ఆపై తునికాకు కోసే వేసవి చాలా కుటుంబాలకు సంపాదన కాలం. పరీక్షలు అప్పుడే పెడితే పిల్లలు చదువో, కూలో ఏదో ఒకటి వదులుకోవాలి. చదువు మధ్యలో ఆపినా ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా ఇచ్చి, మళ్లీ చేర్చుకునే వీలు నూతన విద్యావిధానంలో ఉంది. ఆ సంగతి గూడేలకు వెళ్లి, కోయ భాషలో చెప్పించండి.

సొంత ప్రాంగణం కట్టడానికి సమయం పడుతుంది. ఈ మూడు నిర్ణయాలకు భవనాలు అక్కర్లేదు. వచ్చే విద్యా సంవత్సరం ప్రవేశ ప్రకటనలోనే వీటిని చేర్చండి. బిడ్డను కాలేజీకి పంపినంత మాత్రాన పనికి దూరం చేసినట్టు కాదని అప్పుడు ప్రతి తల్లికీ నమ్మకం కలుగుతుంది.

ఇట్లు,
ములుగు జిల్లా వాసి