నల్ల గొర్రెకు పొట్టేలు కరువు

ఉమ్మడి మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలలో నల్ల గొర్రెల మంద కనబడటం అరుదైపోతున్నది. పశువైద్యులు దక్కనీ జాతి అని పిలిచే యీ గొర్రె మెట్ట పొలాలకు, ఎండిన బీళ్లకు అలవాటుపడినది. దాని స్థానంలోకి పొడుగు కాళ్ల నెల్లూరు గొర్రె వచ్చి చేరింది.

ఇందుకు కాపరిని తప్పుపట్టడం న్యాయం కాదు. నెల్లూరు పిల్ల త్వరగా ఎదుగుతుంది, బేరగాడు మంచి ధర కడతాడు. ఉన్నికి అడిగే నాథుడే లేడు. రెండు కత్తిరింపులూ కలిపినా ఒక్కో గొర్రె ఏడాదికి యిచ్చేది కిలోకు లోపే. ఆ సొమ్ము కత్తెర పట్టినవాని కూలికి కూడా చాలకపోవడంతో, కత్తిరించిన బొచ్చును గట్ల మీదే పారవేస్తున్నారు. ఒకప్పుడు అదే బొచ్చును కురుమ ఆడవారు వడికేవారు, మగవారు గుంటమగ్గం మీద చింతగింజల గంజి పట్టించి గొంగడి నేసేవారు. వానలో గొడుగు, రాత్రి పరుపు, చలిలో దుప్పటి, అన్నీ అదే. బీరప్ప కొలుపుకు నేటికీ గొంగడి కావాలి. నేసే చేతులే తగ్గిపోయాయి.

మందలో నెల్లూరు పొట్టేలును వదిలితే తొలి తరంలోనే ఉన్ని పలచబడుతుంది. రెండు మూడు తరాలకు ఆనవాలు మిగలదు. ముసురు రోజులలో, చలికాలపు రాత్రి ఆరుబయట చేలో మంద కట్టినప్పుడు ఆ ఉన్నే గొర్రెకు కాపుదల. ధర చూసి మార్చుకున్న జాతి తిరిగి కావాలంటే అంత తేలికగా దొరకదు.

2017లో రాష్ట్ర ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ చేపట్టింది. ఒక్కో యూనిట్ ఖరీదు 1,25,000 రూపాయలు. జీవాలను యితర రాష్ట్రాల నుంచి కొని తెచ్చారు. 2019 పశుగణనలో తెలంగాణ 1 కోటి 90 లక్షల గొర్రెలతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. సంతోషమే. కాని ఏ జాతి గొర్రెలు పెరిగాయన్న ప్రశ్న ఆ లెక్కల సంబరంలో మరుగునపడింది.

కాపరుల వైపు నుంచీ ఒక పొరపాటు జరుగుతున్నది. పండుగలకు ముందు దిట్టమైన పొట్టేలు పిల్లలనే అమ్మి, పీలగా మిగిలినదాన్ని మందకు వదులుతున్నారు. బలమైన తల్లికి పుట్టిన నల్లని పొట్టేలు పిల్లను ఒకదానిని మందకోసం దాచుకోవాలి. పాతిక గొర్రెలకు ఒకటి చాలు. రెండేళ్లకొకసారి పొరుగూరి కాపరితో పొట్టేలును మార్చుకుంటే, దాని కూతుళ్లనే అది కట్టే ప్రమాదం తప్పుతుంది.

కాని మంచి నల్ల పొట్టేలు అడిగితే చూపించే చోటు వుండాలి కదా! పశుసంవర్థక శాఖ మేలైన దక్కనీ పొట్టేళ్లను పెంచి, ఉన్ని మందలు మిగిలిన గ్రామాలకు తక్కువ ధరకు యివ్వాలి. ఇకముందు గొర్రెల పంపిణీ ఏది చేపట్టినా నల్ల గొర్రె కావాలన్న వానికి అదే యివ్వాలి. కత్తిరింపు కాలంలో మండల కేంద్రంలో ఉన్ని కొనే ఏర్పాటు చేస్తే కత్తెర కూలి అయినా గిట్టుతుంది. ఈతకు వచ్చిన గొర్రె అయిదు నెలలు మోస్తుంది. తొలకరికి ముందే పొట్టేలు మందకు చేరకపోతే ఆ ఏటి పిల్లలన్నీ నెల్లూరు రంగులోనే పుడతాయి.