రోజుకొక పదం

పదాలతో ఆడుకోవడం మానవునికి అనాదిగా ప్రియమైన వినోదం. మన పొడుపుకథలు, సమస్యాపూరణాలు ఇందుకు నిదర్శనాలు. 2021లో జోష్ వార్డిల్ లోకానికి అందించిన ‘వర్డిల్’ అనే అంతర్జాల క్రీడ కూడా ఈ కోవలోనిదే. అయిదక్షరాల ఆంగ్లపదాన్ని ఆరు ప్రయత్నాలలో కనుగొనాలి. పదంలో లేని అక్షరం బూడిదరంగులో కనిపిస్తుంది; దానిని విడిచి వేరొక పదాన్ని ఊహించాలి. అవధానంలోని నిషిద్ధాక్షరి ఇటువంటి పరీక్షయే. పృచ్ఛకుడు అక్షరాలను నిషేధిస్తూ ఉంటే, అవధాని వేరే అక్షరాలతో పద్యాన్ని నడిపిస్తాడు.

అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. అర్థం తెలియని పదంతో అవధాని పద్యం చెప్పలేడు. వర్డిల్ ఆడేవారు మాత్రం అక్షరాలను తొలగిస్తూ పోయి, అర్థం తెలియకుండానే గెలవవచ్చు. నేనూ అలా గెలిచిన రోజులున్నాయి. ఆ పదాలేవీ మరునాటికి గుర్తులేవు. నిఘంటువు తెరిచి చూసినవి మాత్రం నేటికీ జ్ఞాపకమున్నాయి.

కనుక విద్యార్థులు ఈ ఆటను మానుకోవలసిన పనిలేదు. రోజుకొక కొత్త పదాన్ని మాత్రమే ఇవ్వడం దీనిలోని సుగుణం. ఆట ముగిసిన పిదప ఆ పదానికి అర్థం వెదకాలి. దానికి సరియైన తెలుగు మాట ఏదో ఆలోచించాలి. అప్పుడే వినోదం విద్యగా పరిణమిస్తుంది.