కాలు మోపే చోటు

సాయంకాలం ఆరు గంటల వేళ సూరత్ నగరంలోని రింగ్ రోడ్డును చూచినవారికి, అక్కడ మనుషులకంటె మూటలే ఎక్కువగా ప్రయాణం చేస్తున్నవా అని సందేహం కలుగుతుంది. సహారా దర్వాజా మొదలుకొని వరుసగా నిలిచిన వస్త్ర విపణులలోనుండి చీరల కట్టలు తలలమీద, తోపుడు బండ్లమీద, మూడు చక్రాల టెంపోలలో, ఆటో రిక్షాలలో ఎడతెగకుండా వెలుపలికి వస్తూ ఉంటాయి. దేశంలోని ఏ మూలనున్న దుకాణంలోనైనా సరసమైన ధరకు దొరికే సింథటిక్ చీరలలో అధికభాగం ఒకనాడు ఈ దారివెంట కదలి వచ్చినవే.

ఈ రద్దీలో ఒక తెలుగు ఇల్లాలిని ఊహించుకోండి. ఆమె నివాసం లింబాయత్ ప్రాంతం. తెలంగాణ జిల్లాలనుండి మరమగ్గాల పని వెదుక్కుంటూ వలసవచ్చిన పద్మశాలి కుటుంబాలు అక్కడ అనేకం స్థిరపడినవి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడ పాఠశాలలు నడుపుతూ వచ్చినదంటే, ఆ జనసంఖ్య ఎంతటిదో అర్థమవుతుంది. ఈ ఇల్లాలు అంచులకు లేసు కుట్టడానికి కొన్ని చీరలు ఇంటికి తీసుకొని వెళుతున్నది. పలువురు కలిసి ఎక్కే ఆటోలో ఆమెకు నడుమ చోటు దొరికినది. మూటను ఎక్కడ ఉంచవలె? ఒడిలో పట్టదు, వెనుక అరలో ఇదివరకే ఎవరిదో సామాను ఉన్నది. “మాసీ, కింద పెట్టుకోండి” అంటాడు డ్రైవరు. మూట ఆమె పాదాల చోటును ఆక్రమిస్తుంది.

మరి పాదాలు ఎక్కడికి పోవలె? మూటమీద పెట్టవచ్చును గదా అని ఇతరులు అనుకోవచ్చును. నేతవారి ఇంటి ఆడపడుచుకు అది సాధ్యం కాదు. అన్నం పెట్టే బట్టకు కాలు తగలడమే ఆమెకు అపచారం. అందుచేత ఒక పాదాన్ని మూటకూ ఇనుప రేకుకూ మధ్య ఇరికించి, రెండవదానిని మునివేళ్ళపై నిలిపి, ఇల్లు చేరేవరకు అలాగే కూర్చుంటుంది. దిగేటప్పుడు తిమ్మిరెక్కిన కాలు నేలను గుర్తించదు. క్షణంసేపు ఆటో కమ్మీని పట్టుకొని నిలబడి, ఆ తరువాత నడక సాగిస్తుంది.

ఇది ఫిర్యాదు చేయదగినంత పెద్ద బాధ కాదని అందరూ అనుకుంటారు, ఆమెతో సహా. కాని రోజుకు రెండుసార్లు చొప్పున సంవత్సరాల తరబడి అనుభవించే చిన్న బాధను చిన్నదని అనవచ్చునా?

మూడు చక్రాల బండిలో కాళ్ళకు చోటు ఎందుకు కరువైనదో తెలియవలెనంటే దాని పుట్టుక తెలియవలె. రెండవ ప్రపంచ యుద్ధానంతరం 1946లో ఇటలీలోని పియాజియో సంస్థ వెస్పా స్కూటరును విపణిలోనికి తెచ్చినది. దానిని రూపొందించిన కొరాడినో దస్కానియో విమానాల, హెలికాప్టర్ల ఇంజనీరు. మోటారు సైకిలు అంటే ఆయనకు గిట్టదు. నడిపేవాని బట్టలకు నూనె అంటరాదు, పాదాలకు బురద తగలరాదు అన్న సంకల్పంతో ముందుభాగాన రేకు కవచమూ, కాళ్ళు చాపుకొనేందుకు చదునైన పలకా అమర్చాడు. ఆ తరువాత ఒకటి రెండేళ్ళకే అదే స్కూటరు వెనుకభాగానికి రెండు చక్రాలు చేర్చి ‘ఆపె’ అనే బండిని తయారు చేశారు. ఇటాలియన్ భాషలో వెస్పా అంటే కందిరీగ, ఆపె అంటే తేనెటీగ. కందిరీగ మనుషులను మోయడానికి పుట్టినది. తేనెటీగ సరకులను మోయడానికి పుట్టినది.

ఈ భేదాన్ని గమనించవలె. స్కూటరులో పాదాలకోసం ఆలోచించిన పలక, మూడు చక్రాల బండిలో నడిపేవానికి మాత్రమే దక్కినది. వెనుకభాగం మొదట సరకుల తొట్టి; మనిషి అందులోనికి తరువాత వచ్చాడు. మన దేశంలో బజాజ్ సంస్థ పియాజియో అనుమతితో ఇటువంటి వాహనాలను ఉత్పత్తి చేసినది. 1977లో ఇంజనును వెనుకకు మార్చిన ఆటో రిక్షా వచ్చినది. రూపురేఖలు మారినవి, మీటరు వచ్చినది, ఇంధనం మారినది. పాదాలకూ సరకుకూ నడుమ జరిగే స్థలవివాదం మాత్రం పరిష్కారం కాలేదు.

గుజరాత్‌లోనే సౌరాష్ట్ర ప్రాంతంలో ‘ఛక్డో’ అనే మరొక వాహనం పేరుపొందినది. ముందుభాగం అచ్చంగా మోటారు సైకిలు. వెనుక రెండు చక్రాలపై చెక్క పలకల తొట్టి. రాజ్‌కోట్‌కు చెందిన అతుల్ ఆటో సంస్థ ఇటువంటి బండ్లను తయారుచేసి ప్రసిద్ధి చెందినది. పల్లెలలో జనం వాటి అంచులపై కూర్చొని కాళ్ళు వ్రేలాడదీసుకొని ప్రయాణించేవారు. అక్కడ పాదాలకు చోటు లేకపోవడం కాదు, ఆధారమే లేదు. ఇరుకు ఒక బాధ అయితే శూన్యం మరొక బాధ.

ఆధారం లేనప్పుడు శరీరంలో ఏమి జరుగుతుంది? మనిషి కూర్చున్నప్పుడు అతని బరువులో సుమారు అయిదవ వంతు పాదాలద్వారా నేలను చేరుతుంది. పాదాలు వ్రేలాడితే ఆ బరువు తొడల అడుగుభాగం మీద పడుతుంది. సీటు అంచు మోకాలి వెనుకనున్న మెత్తని చోటును నొక్కుతుంది. అక్కడినుండి పోయే రక్తనాళాలూ నరాలూ ఒత్తిడికి లోనవుతాయి. తిమ్మిరికి కారణం ఇదే. పిక్క కండరాలు కదలినప్పుడెల్లా కాలిలోని రక్తాన్ని గుండెవైపు నెడుతూ ఉంటాయి. కదలికే లేకుండా చాలసేపు కూర్చుంటే ఆ పని మందగించి చీలమండలవద్ద వాపు కనబడుతుంది. పాదాల క్రింద మూట ఉండి మోకాళ్ళు మరీ పైకి లేచినా కష్టమే. అప్పుడు బరువంతా పిరుదుల ఎముకలమీద పడి నడుము వంగిపోతుంది.

దీనికి తోడు కుదుపు. ఆటోలో వణుకు రెండు విధాలు. మొదటిది ఇంజనుది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజను సెకనుకు 50 పర్యాయాలు తిరిగినట్లు లెక్క. దాని నుండి పుట్టే సన్నని జలదరింపు అరికాళ్ళకు తెలుస్తూనే ఉంటుంది. దీనిని మందమైన రబ్బరు చాప చాలవరకు తగ్గించగలదు. రెండవది గుంతల వలన కలిగే ఊపు. సెకనుకు 4 నుండి 8 సార్ల వరకు వచ్చే నిలువు కంపనం కూర్చున్న మనిషికి అన్నిటికంటె ఎక్కువ బాధ కలిగిస్తుందని పరిశోధకులు నిర్ణయించారు. దీనిని ఏ రబ్బరు చాపా ఆపలేదు. గుంత వచ్చినప్పుడు మనకు తెలియకుండానే అరికాళ్ళను నేలకు అదిమి శరీరాన్ని కొంచెం తేలిక చేసుకుంటాము. అనగా ప్రయాణికుని కాళ్ళే అతని స్ప్రింగులు. అవి పనిచేయవలెనంటే వాటిక్రింద గట్టి నేల ఉండవలె.

ద్విచక్ర వాహనాల విషయంలో శాసనకర్తలు ఈ సంగతిని గుర్తించారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 123వ నియమం ప్రకారం, వెనుక మరొకరు కూర్చునే వీలున్న మోటారు సైకిలుకు చేతిపిడీ, కాళ్ళు మోపే పీటా, వెనుక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ కవచమూ ఉండవలె. కవచం దేనికి? కూర్చున్నవారి వస్త్రాలు చక్రంలో చిక్కుకొనకుండా. చీర కట్టుకొని ఒకవైపుకు తిరిగి కూర్చునే కోట్లాది స్త్రీలను తలచుకొని వ్రాసిన వాక్యమిది. చీరల నగరంలో రోజూ తిరిగే మోటారు సైకిళ్ళమీద ఆ వాక్యం ‘శారీ గార్డు’ రూపంలో కనబడుతుంది.

ఆటోలో ఏమి చేయవచ్చును? కొత్త యంత్రం అవసరం లేదు. మొదటిది, సామానుకు వేరే చోటు. సీటు వెనుకనున్న అరను ఖాళీగా ఉంచుకొని మూటలను అక్కడికి పంపే డ్రైవరు సగం సమస్యను తీర్చినవాడవుతాడు. రెండవది, నేలపై గాడులున్న మందపాటి రబ్బరు చాప. వానాకాలంలో నీరు నిలువకుండా దానికి రంధ్రాలు ఉండవలె. నున్నని చాప తడిస్తే కాలు జారుతుంది. మూడవది, పొట్టివారికీ పిల్లలకూ అందేటట్లు మడమవైపు కొంచెం వాలుగా చేసిన తేలికైన చెక్క పీట. పాదం పూర్తిగా ఆనినప్పుడు సీటు అంచుకూ మోకాలి వెనుక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టే సందు ఉంటే అమరిక సరిగా ఉన్నట్లు.

ఇందులో కొన్ని జాగ్రత్తలు తప్పవు. పీట ముందుకు జారి డ్రైవరు బ్రేకు పెడలు క్రిందికి పోతే సౌఖ్యం కోసం ప్రాణాలమీదికి తెచ్చుకున్నట్లే. అందుచేత దాని అడుగున రబ్బరు బిళ్ళలు ఉండవలె, ముందువైపు అడ్డుకట్ట ఉండవలె. పీట అంచు బండి ప్రక్కలనుండి బయటికి పొడుచుకొని రాకూడదు. దిగేవారు తట్టుకొని పడతారు. బండి చట్రానికి కొత్త ఇనుప ముక్కలను అతికించడం కూడ మంచిది కాదు. తయారీదారు నమోదు చేసిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కట్టడి చేస్తున్నది. తీసి పెట్టుకొనగలిగిన పీటయే ఉత్తమం.

ఇటీవల విద్యుత్తుతో నడిచే మూడు చక్రాల బండ్లు వీధులలో పెరుగుతున్నవి. వాటిలో పిస్టను ఇంజను లేదు గనుక అరికాళ్ళకు ఆ సన్నని జలదరింపు ఉండదు. ఇటువంటి బండ్లను కొత్తగా రూపొందించేవారికి ఇది మంచి అవకాశం. సీటు ఎత్తును నిర్ణయించే రోజుననే పాదాల ఎత్తును కూడ నిర్ణయిస్తే, తరువాత ఎవరూ పీటలు వెదుకవలసిన పని ఉండదు. ఆ కొలతలు తీసేటప్పుడు పొడవైన మగవానిని మాత్రమే కాక, అయిదడుగులకు తక్కువైన ఒక గృహిణిని, చేతిలో మూటతో సహా, కూర్చోబెట్టి చూడవలె.

ఇక ఆ లింబాయత్ ఇల్లాలి ప్రయాణాన్ని మరొకమారు ఊహించుకోండి. మూట వెనుక అరలో భద్రంగా ఉన్నది. ఆమె రెండు పాదాలూ చదునుగా ఆనించి కూర్చున్నది. గుంత వచ్చినప్పుడు కాళ్ళు కొంచెం అదిమి నిలదొక్కుకున్నది. ఇంటిముందు ఆటో ఆగగానే కమ్మీని పట్టుకొనకుండా దిగి, మూటను చంకన పెట్టుకొని, లోపలికి నడిచిపోయినది. రాత్రి పని ఇంకా మిగిలి ఉన్నది. కుట్టుమిషను తొక్కవలసినవి కూడ ఆ కాళ్ళే.