ఎండ ఉంది సరే, మిరపకు ధర ఏది?

వరి మానండి, మిరప లాంటి పంటలకు మారండి అని కోనసీమ రైతుకు సలహాలిచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. ఎండ దండిగా ఉంది, లంకల్లో ఒండ్రు నేల ఉంది, ఇంకేం కావాలి అంటారు. కావలసింది ధర. ఆ మాట ఎత్తితే మొహం చాటేస్తారు.

ఎండ కూడా వాళ్ళు చెప్పినంత తేలిక కాదు. పూత మీద ఉన్నప్పుడు 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది. పండిన కాయ కళ్ళంలో ఆరడానికి మాత్రం గట్టి ఎండా పొడి గాలీ కావాలి. గోదావరి పాయలకీ సముద్రానికీ మధ్య మన గాలిలో తేమ ఎక్కువ. సరిగా ఆరని కాయకు బూజు పడితే తాలు కింద తీసేస్తారు.

పోనీ, అన్నీ ఉన్న గుంటూరు రైతు ఏం బాగుపడ్డాడు? ఎండకు కొదవ లేదు, మిర్చి యార్డు ఉంది, కోల్డ్ స్టోరేజీలున్నాయి. 2021–22లో నల్ల తామర పురుగు తోటలను ఊడ్చేసింది. అంతకు రెండేళ్ళ ముందు క్వింటాలు 20 వేలు దాటిన మిర్చి, 2025 మొదట్లో 11 వేల చుట్టుపక్కలకు పడిపోయింది. రైతులు ఆందోళన చేశాక ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయలు ప్రకటించింది, అదీ 2.43 లక్షల టన్నులకే. ఆ ధరకూ యార్డు ధరకూ ఉన్న తేడా ఇస్తామన్నారు. యార్డులో 11 వేలు పలికితే తేడా 781 రూపాయలు! క్వింటాలు ఎండు మిర్చి రావాలంటే మూడు నాలుగు క్వింటాళ్ళ పండుకాయ కోయాలి. ఆ కోత కూలీలో ఇది ఏ మూలకు?

కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో మిరప లేదు. వరి ఉంది. ఉండి కూడా గిట్టక 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతు పంట విరామం ప్రకటించాడు. మద్దతు ధర ఉన్న పంటకే ఆ గతి పడితే, లేని పంటకు మమ్మల్ని తోసేవాళ్ళు ఏ పూచీ మీద తోస్తున్నారు?

పైగా కౌలు రైతు సంగతి. 2019 చట్టం ప్రకారం సాగుదారు కార్డుకు భూ యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టమంటే వచ్చే ఏడు భూమే ఇవ్వరని భయం. కార్డు లేకపోతే రుణమూ రాదు, పరిహారమూ రాదు. తేడా సొమ్ము ఎవరి ఖాతాలో పడుతుందో వేరే చెప్పాలా?

మిరపను మద్దతు ధర జాబితాలో చేర్చి, సి2 ఖర్చుపై 50 శాతం కలిపిన ధరకు చట్టబద్ధత ఇవ్వాలి. జోక్య పథకాన్ని కోతలకు ముందే, పంట మొత్తానికీ ప్రకటించాలి. యజమాని సంతకంతో పని లేకుండా కౌలు రైతుకు కార్డివ్వాలి. పంట మార్చమని ఈసారి రైతు సేవా కేంద్రానికి వచ్చే అధికారిని ఈ మూడూ అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి.